మండపం లోపలి శిల్పం, బయటి ఎండ ఒకే ప్రింటులో: కష్టమైన నెగటివ్‌ల కాంట్రాస్ట్ గురించి

మీరు అడిగింది ఇదీ. లేపాక్షి వీరభద్రాలయంలో మండపం లోపల నిలబడి, స్తంభాల సందుల్లోంచి ఎండలో ఉన్న ప్రాంగణం కనపడేలా తీసిన 35 ఎం.ఎం. ఫ్రేము, ఇల్‌ఫోర్డ్ హెచ్‌పి5 ఫిల్ము. డార్క్‌రూంలో 2వ నంబరు కాంట్రాస్ట్ ఫిల్టరుతో ప్రింటు తీస్తే స్తంభాలు పర్వాలేదు గానీ ప్రాంగణం ఉత్త తెల్ల కాగితం. 0కి దిగితే ప్రాంగణంలో రాళ్లు కనపడ్డాయి, కానీ స్తంభాల మీది శిల్పాలు బూడిద పూసినట్టు అణిగిపోయాయి. అదే రోలులో పొద్దున్నే మబ్బు వెలుగులో తీసిన బసవన్న ఫ్రేము పల్చగా ఉంది, ఎంత చేసినా నలుపు రావడం లేదు. ఈ రెండింటికీ ఏ గ్రేడు, అంటే 00 (అతి తక్కువ కాంట్రాస్ట్) నుంచి 5 (అతి ఎక్కువ) దాకా ఏ ఫిల్టరు వాడాలన్నది మీ ప్రశ్న.

మొదటి నెగటివ్‌కు ఏ ఒక్క గ్రేడూ సరిపోదు. గ్రేడును మొత్తం నెగటివ్‌ను చూసి ఎంచుకుంటున్నారు, చిక్కంతా అక్కడే ఉంది. ఈ బొమ్మకు ప్రాణం స్తంభాల మీది శిల్పం. గ్రేడు దానికోసమే ఎంచుకోండి. ప్రాంగణానికి వేరే ఎక్స్‌పోజరు (కాగితం మీద పడే వెలుగు మోతాదు), వేరే ఫిల్టరు ఇవ్వండి. ఎందుకో లెక్క చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది.

నెగటివ్‌ను లైట్ బాక్స్ మీద పెట్టి, డిజిటల్ కెమెరాలో స్పాట్ మీటరింగ్ (చిన్న చోటి వెలుగునే కొలిచేది) పెట్టుకుని ఒక్కో చోటా రీడింగ్ తీసుకోండి. ఒక స్టాపు తేడా (వెలుగు రెట్టింపు లేదా సగం) అంటే డెన్సిటీలో, అంటే నెగటివ్ ఎంత దట్టంగా ఉందో చెప్పే కొలతలో, 0.3. డెన్సిటోమీటర్ అంత కచ్చితంగా రాకపోయినా ఈ పనికి చాలు. ఇలాంటి నెగటివ్‌లో మామూలుగా కనపడే అంకెలు: స్తంభాల మధ్య చీకటి సందు 0.3, శిల్పాల అంచుల మీద వెలుగు 0.95, ప్రాంగణంలో నీడ పట్టున ఉన్న రాయి 1.6, నేరుగా ఎండ పడ్డ రాతి నేల 2.0. అంటే మొత్తం తేడా 1.7. మల్టీగ్రేడ్ కాగితం (ఫిల్టరును బట్టి కాంట్రాస్ట్ మారేది) 2వ ఫిల్టరుతో పట్టుకోగలిగేది సుమారు 1.1, 3తో 0.9, 00తో 1.8 దాకా. కాబట్టి 00 వాడితే మొత్తం బొమ్మ కాగితం మీదికి ఎక్కుతుంది, నిజమే. కానీ శిల్పాలకు నెగటివ్‌లో ఉన్న 0.65 తేడా, కాగితం పట్టే 1.8లో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. నలుపు నుంచి తెలుపు దాకా ఉన్న మెట్లలో మూడో వంతులోనే శిల్పమంతా ఇరుక్కోవాలి. మీకు కనపడిన బూడిద అదే. అదే 0.65ని 3వ ఫిల్టరు మీద పెడితే 0.9లో దాదాపు ముప్పాతిక భాగం ఆక్రమిస్తుంది. ఉలి దెబ్బ, రాతి గరుకు అప్పుడు కనిపిస్తాయి.

ఫిల్టర్లు ఎలా పనిచేస్తాయో ఒక్క మాట చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది మంత్రంలా ఉంటుంది. ఇల్‌ఫోర్డ్ 1940లో తెచ్చిన ఈ రకం కాగితం మీద ఇప్పుడు మూడు ఎమల్షన్లు (వెలుగుకు స్పందించే పూతలు) కలిపి పూస్తారు. నీలి వెలుగుకు మూడూ దాదాపు ఒకే వేగంతో స్పందిస్తాయి, అందుకే అన్నీ ఒక్కసారిగా నల్లబడి కాంట్రాస్ట్ పెరుగుతుంది. ఆకుపచ్చ వెలుగుకు ఒకటి త్వరగా, ఒకటి ఆలస్యంగా, మూడోది ఇంకా ఆలస్యంగా స్పందిస్తాయి. దాంతో నలుపు మెల్లగా, మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. పసుపు ఫిల్టరు నీలాన్ని ఆపుతుంది, మెజెంటా ఫిల్టరు ఆకుపచ్చను ఆపుతుంది. అంతకు మించి ఇందులో ఏమీ లేదు.

ఇక్కడే చాలామంది పొరబడే సంగతి ఒకటి ఉంది. 00 నుంచి 3½ దాకా ఎక్స్‌పోజరు మార్చనక్కర్లేదు, 4, 5లకు రెట్టింపు చేస్తే చాలు అని ఫిల్టర్ల పెట్టె మీద ఉంటుంది. అది ఒక మధ్యస్థ బూడిద రంగు విషయంలోనే నిజం. ఆ బూడిద అలాగే ఉండి, దానికి అటూ ఇటూ ఉన్న హైలైట్లూ (ప్రింటులో తెల్లటి భాగాలు) నలుపులూ జరిగిపోతాయి. మనకు ముఖ్యం హైలైట్లు కాబట్టి, ఫిల్టరు మార్చిన ప్రతిసారీ కొత్త టెస్ట్ స్ట్రిప్ (కాగితం ముక్క మీద గడికో సమయం ఇచ్చి చూసే పరీక్ష) తీయాల్సిందే. అర గ్రేడు మార్చినా సరే. స్ట్రిప్ ఒకటి ఆదా చేసి పూర్తి షీట్లు రెండు పారేసుకోవడం ఎందుకు?

టెస్ట్ స్ట్రిప్ కూడా 5, 10, 15, 20 సెకన్లు అని వేయకండి. 5 నుంచి 10కి ఒక పూర్తి స్టాపు తేడా, 25 నుంచి 30కి పావు స్టాపు. మొదటి గళ్లలో పెద్ద గెంతులు, చివర్లో తేడాయే తెలియదు. అర స్టాపు చొప్పున వేయండి: మొత్తం స్ట్రిప్‌కు 8 సెకన్లు, తర్వాత అట్టతో కొంచెం కొంచెం కప్పుతూ 3, 5, 7, 9. మొత్తాలు 8, 11, 16, 23, 32 అవుతాయి. ఎన్‌లార్జర్ (నెగటివ్‌ను కాగితం మీదికి పెద్దది చేసి వేసే యంత్రం) లెన్స్‌ను ఎఫ్ 8 దగ్గర పెట్టండి. 3 సెకన్లకు లోపు ఎక్స్‌పోజర్లు నమ్మదగినవి కావు, బల్బు వెలగడానికీ ఆరడానికీ పట్టే సమయమే అందులో పెద్ద భాగం అవుతుంది. స్ట్రిప్‌ను స్తంభం పొడవునా పరవండి, ప్రతి గడిలోనూ చీకటి సందు ఒకటి, వెలుగు అంచు ఒకటి పడాలి. ఒక గడిలో నలుపే ఉండి మరో గడిలో తెలుపే ఉంటే ఆ స్ట్రిప్ ఏమీ చెప్పదు.

ఇప్పుడు వరస. ప్రాంగణాన్ని పూర్తిగా మరిచిపోయి 3వ ఫిల్టరుతో స్తంభాలకు స్ట్రిప్ తీయండి. ముందు చూడాల్సింది శిల్పాల వెలుగు అంచు. ఏ గడిలో అది కాగితం తెలుపు కంటే ఒక్క మెట్టు కిందికి దిగి, రాయిలా అనిపిస్తుందో అదే సమయం. ఆ గడిలోనే చీకటి సందును చూడండి. అది బూడిదగా ఉంటే గ్రేడు అరమెట్టు పెంచాలి. సందుతో పాటు శిల్పాల నీడలు కూడా నల్లగా మూసుకుపోతే అరమెట్టు దించాలి. సమయం హైలైట్ చెబుతుంది, గ్రేడు నలుపు చెబుతుంది, ఈ వరస తారుమారు చేయకండి. మాట వరసకు 3వ ఫిల్టరు, ఎఫ్ 8, 16 సెకన్లు కుదిరిందనుకుందాం.

ఈ ఎక్స్‌పోజరులో 1.2 డెన్సిటీ దాటినదంతా తెల్లగానే ఉంటుంది. ప్రాంగణం ఎండ 2.0. ఆ 0.8 తేడాను 3వ ఫిల్టరుతోనే బర్న్ చేసి (మిగతా బొమ్మ కప్పి అక్కడే ఇంకా వెలుగు ఇచ్చి) పూడ్చాలంటే మొత్తం 6 రెట్ల పైచిలుకు ఎక్స్‌పోజరు, అంటే ఇంకో 85 సెకన్లు. అంతసేపు చేతిలో అట్ట ఆడిస్తే స్తంభం అంచు దగ్గర ఏ కాస్త అటూ ఇటూ అయినా నల్లటి గీత పడుతుంది. చూసేవాళ్ల కన్ను ముందు అక్కడికే పోతుంది. అదే 00 ఫిల్టరుతో బర్న్ చేస్తే 25, 30 సెకన్లలో పని అవుతుంది, ఎందుకంటే సాఫ్ట్ (తక్కువ కాంట్రాస్ట్) ఫిల్టరు చాలా తక్కువ వెలుగుకే తొలి బూడిదను తెస్తుంది. ఇంకో మేలు ఉంది. స్తంభం అంచు అప్పటికే నల్లగా ఉంది, అట్ట పక్క నుంచి దాని మీద పడే పచ్చ వెలుగు అక్కడ పెద్ద మార్పు తేదు. గీత పడదు. కష్టమైన నెగటివ్‌కు ఒకే ఒక చిట్కా అడిగితే ఇదే చెప్పాలి: హార్డ్ ఫిల్టరుతో బొమ్మ, సాఫ్ట్ ఫిల్టరుతో బర్నింగ్.

బర్నింగ్ అట్ట ఎలా చేసుకోవాలో చెబుతాను. ఒక వైపు తెలుపు, ఒక వైపు నలుపు ఉన్న అట్ట తీసుకోండి. తెలుపు పైకి, బొమ్మ దాని మీద కనపడటానికి. నలుపు కిందికి, కాగితం నుంచి లేచే వెలుగు తిరిగి కాగితం మీద పడకుండా. అట్టను లెన్స్‌కూ ఈజిల్‌కూ (కాగితాన్ని పట్టి ఉంచే చట్రం) సరిగ్గా మధ్యలో పట్టుకుంటే బొమ్మ దాని మీద సగం సైజులో పడుతుంది. స్తంభాల మధ్య కనపడే ప్రాంగణం ఆకారాన్ని అక్కడే పెన్సిల్‌తో గీసి, గీత కంటే 2, 3 మి.మీ. లోపలికి కోయండి. బర్న్ చేసేటప్పుడు అదే ఎత్తులో పట్టుకుని, ఒక సెంటీమీటరు పైకీ కిందికీ ఆపకుండా కదుపుతూ ఉండాలి. ఆగితే అంచు తెలిసిపోతుంది. ఫిల్టరు మార్చేటప్పుడు ఎన్‌లార్జర్ తల కదిలిందంటే బొమ్మ జంటగా పడుతుంది. పైన డ్రాయర్ ఉంటే మెల్లగా, కింద లెన్స్ దగ్గర పట్టీ ఉంటే ఇంకా మెల్లగా. మార్చేముందు కాగితం మీద నల్లటి అట్ట కప్పి, ఎర్ర ఫిల్టరు అడ్డుపెట్టి, బల్బు వెలిగించి, బొమ్మ గీతలు జరగలేదని చూసుకుని మొదలుపెట్టండి. ఎర్ర వెలుగు కూడా సుదీర్ఘంగా పడితే కాగితానికి మంచిది కాదు, అందుకే అట్ట.

ఇక ఫ్లాషింగ్. దీని గురించి భయాలు చాలా ఉన్నాయి, పని మాత్రం చాలా సులువు. కాగితానికి ఒక గడప ఉంటుంది, అంతకంటే తక్కువ వెలుగు పడితే అసలేమీ కనపడదు. ఆ గడపను 1 అనుకోండి. ప్రాంగణంలో ఎండ పడ్డ రాయి నుంచి 0.3 మాత్రమే వస్తోంది, కాబట్టి తెలుపు. నెగటివ్ లేకుండా కాగితం మొత్తానికి ముందే 0.75 వెలుగు ఇచ్చి ఉంచితే, 0.3 కలిసి 1.05, గడప దాటింది, రాయి కనపడింది. స్తంభాల సందులో పడే వెలుగు 8. దానికి 0.75 కలిస్తే 8.75, కంటికి తేడా తెలియదు. అంటే నలుపుల్ని ముట్టుకోకుండా హైలైట్లను మాత్రం చేయి పట్టి గడప ఎక్కించడం.

నెగటివ్ తీసేసి, ఖాళీ క్యారియర్ పెట్టి, తలను పైదాకా ఎత్తి, ఎఫ్ 16కి మూసి, 00 ఫిల్టరు పెట్టండి. ఒక స్ట్రిప్ మీద పొడవునా సగం వెడల్పు అట్టతో కప్పి, మిగతా సగం మీద ఒక్కో సెకను చొప్పున 10 గళ్లు వేయండి. కప్పిన సగం అసలు తెలుపు, దాంతో పోలిస్తేనే తొలి బూడిద ఎక్కడ మొదలైందో కనపడుతుంది. డెవలపర్‌లో పూర్తి సమయం ఉంచి, హైపోలో (బొమ్మను నిలిపే ఫిక్సరు) వేసి, కడిగి, ఆరబెట్టి, మామూలు వెలుగులో చూడాలి. తడిగా ఉన్నప్పుడు ఆ తొలి మెట్టు కనపడదు. 5వ గడిలో తేడా మొదలైతే 4 సెకన్లు మీ ఫ్లాష్. మొదటి గడిలోనే బూడిద వచ్చేస్తే వెలుగు ఎక్కువైనట్టు, ఎఫ్ 22కి మూయండి లేదా ఫిల్టరు దగ్గర బటర్ పేపర్ ముక్క ఒకటి పెట్టండి. ఒకసారి దొరికిన అంకె ఆ కాగితం పెట్టె అయ్యేదాకా పనికొస్తుంది, ఎత్తూ ఎఫ్ నంబరూ మార్చకపోతే.

ఫ్లాష్ ఇచ్చిన షీట్లు నాలుగైదు ముందే చేసి నల్ల కవరులో పెట్టుకోవచ్చు, మూల మీద వెనకవైపు పెన్సిల్ గుర్తు పెట్టి. గంటలో వాడేయండి. ఎక్కువైతే ఎలా తెలుస్తుంది? ఈజిల్ పట్టీల కింద ఉండే తెల్ల అంచు చూడండి. ఫ్లాష్‌ను ఈజిల్‌లో పెట్టి ఇచ్చి ఉంటే అంచుకు ఫ్లాష్ తగలదు. ప్రింటులో అతి తెల్లటి చోటుకూ అంచుకూ మధ్య ముసుగు కప్పినట్టు తేడా ఉంటే, ఎక్కువైంది. అలాంటి ప్రింటులో ఎండ ఎండలా ఉండదు, పొగలా ఉంటుంది. ఫ్లాష్ ఇచ్చిన కాగితం మీద ప్రాంగణం బర్నింగ్ 25 సెకన్ల నుంచి 15 దగ్గరికి దిగవచ్చు. ఈ అంకెలు మీ ఎన్‌లార్జర్‌లో వేరుగా వస్తాయి, వాటి మధ్య నిష్పత్తి మాత్రం దాదాపు ఇలాగే ఉంటుంది.

స్ప్లిట్ గ్రేడ్ గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు చెబుతారు, అందుకని. 00తో హైలైట్లకు ఒక ఎక్స్‌పోజరు, 5తో నలుపులకు ఒక ఎక్స్‌పోజరు ఇవ్వడం. పద్ధతి మంచిదే, గ్రేడు ఊహించే శ్రమ తగ్గుతుంది. కానీ అందులో ఏదో అదనపు టోన్లు పుడతాయన్న మాట నిజం కాదు. 00, 5 ఏ నిష్పత్తిలో కలిపినా వచ్చేది వాటి మధ్యలోని ఏదో ఒక గ్రేడే. అసలు లాభం ఎక్కడంటే, ఒక్కో ఎక్స్‌పోజరులో వేరే భాగాలను డాడ్జ్ చేయగలగడం (కాసేపు కప్పి వెలుగు తగ్గించడం). మీ నెగటివ్‌లో కుడివైపు స్తంభం మరీ కరుగ్గా ఉంటే, 5 ఎక్స్‌పోజరులో మూడో వంతు సేపు దాన్ని కప్పండి, అక్కడ మాత్రం గ్రేడు దిగుతుంది. డాడ్జింగ్ అవసరం లేని నెగటివ్‌కు స్ప్లిట్ గ్రేడ్ చేయడం రెండింతల పని.

ప్రింటు అయ్యాక కూడా ఒక పని చేయవచ్చు. శిల్పం కంటి దగ్గరో చేతి దగ్గరో చిన్న మెరుపు కావాలంటే పొటాషియం ఫెర్రీసైనైడ్, ప్రింటులో నలుపును తగ్గించే మందు. పావు లీటరు నీళ్లలో 1 గ్రాము, రంగు పల్చటి నిమ్మరసంలా ఉండాలి. హైపో చేసి కడిగిన ప్రింటును పళ్లెం వెనకవైపు ఏటవాలుగా ఆనించి, పైన తడి తుడిచి, సన్నటి బ్రష్‌తో అద్ది, 5 సెకన్లలోపే మళ్లీ హైపోలో ముంచండి. చాలలేదనిపిస్తే మళ్లీ అద్దండి. ఒకేసారి పోగొట్టాలని చూడకండి, హైపోలో వేశాక కూడా కొంత తగ్గుతుంది, అప్పుడు వెనక్కి తేలేరు. బ్రష్‌కు ఇనుప పట్టీ ఉంటే నీలి మరకలు పడతాయి, ప్లాస్టిక్ పట్టీ ఉన్నది వాడండి లేదా పట్టీకి నెయిల్ పాలిష్ పూయండి. ఈ మందును గాఢమైన యాసిడ్‌ల దగ్గర పెట్టకూడదు, విషవాయువు వస్తుంది.

ఇప్పుడు బసవన్న ఫ్రేము. పల్చటి నెగటివ్ అంటే రెండు వేరు వేరు జబ్బులు. ఎక్స్‌పోజరు తక్కువైందా, డెవలప్‌మెంట్ తక్కువైందా? ఫిల్ము అంచున ఫ్యాక్టరీలో ముద్రించిన అక్షరాలు, ఫ్రేము నంబర్లు చూడండి. అవి మీ కెమెరాతో సంబంధం లేకుండా ఎక్స్‌పోజ్ అయి ఉంటాయి. అవి కరుగ్గా నల్లగా ఉంటే డెవలప్‌మెంట్ సరిపోయినట్టు. వెలిసిపోయినట్టు ఉంటే డెవలపర్ పాతదో, చల్లదో, సమయం తక్కువో. మీ మండపం ఫ్రేము అదే రోలులో 2.0 దాకా వెళ్లింది కాబట్టి డెవలప్‌మెంట్ బాగానే ఉంది. ఇది మబ్బు వెలుగు, దానికి తోడు ఎక్స్‌పోజరు తక్కువ. నీడల్లో ఫిల్ము పూర్తిగా తేటగా ఉన్న చోట ఏమీ లేదు, ఏ ఫిల్టరూ అక్కడ ఏమీ పుట్టించలేదు. ఉన్నంత మేర సాగదీయాలి.

4½ లేదా 5వ ఫిల్టరుతో మొదలుపెట్టండి, ఎక్స్‌పోజరు రెట్టింపు గుర్తుంచుకుని. పాత మెజెంటా ఫిల్టర్లు వెలిసిపోయి ఉంటే 5 అని రాసి ఉన్నది 4లా పనిచేస్తుంది. ఎన్‌లార్జర్‌లో పాత బల్బు తీసి తెల్ల ఎల్‌ఈడీ పెట్టి ఉంటే నంబర్లు అసలే నమ్మకండి, ఎల్‌ఈడీ వెలుగులో నీలం, పచ్చ పాళ్లు వేరు. కండెన్సర్ ఎన్‌లార్జర్ (వెలుగును లెన్సులతో సూటిగా పంపేది) దొరికితే డిఫ్యూజన్ తల (వెలుగును చెదరగొట్టి పంపేది) కంటే అర నుంచి ఒక గ్రేడు ఎక్కువ కాంట్రాస్ట్ ఇస్తుంది. వెండి రేణువులు చెదరగొట్టిన వెలుగు కండెన్సర్‌లో లెన్స్‌కు చేరకుండా పోవడమే దానికి కారణం. అయితే గీతలూ దుమ్మూ కూడా అంత స్పష్టంగానే కనపడతాయి.

అదీ చాలకపోతే నెగటివ్‌కే సెలీనియం టోనింగ్. ముందు బాగా హైపో అయి, బాగా కడిగిన నెగటివ్ అయి ఉండాలి, లేకపోతే మరకలు. 5 నిమిషాలు నీళ్లలో నానబెట్టి, సెలీనియం టోనర్ ఒక పాలుకు నీళ్లు రెండు పాళ్లు కలిపి, 5, 6 నిమిషాలు మెల్లగా కదుపుతూ ఉంచి, మళ్లీ పూర్తిగా కడగాలి. డెన్సిటీ ఉన్నచోటే పెరుగుతుంది, నీడలు అలాగే ఉంటాయి, అందువల్లే కాంట్రాస్ట్ పెరుగుతుంది. మహా అయితే ఒక గ్రేడు. రోలులో పనికిరాని ఫ్రేము మీద ముందు చేసి చూడండి. చేతులకు గ్లోవ్స్, గదిలో గాలి తప్పనిసరి, సెలీనియం విషం. తాతల కాలంనాటి గాజు ప్లేట్ల మీద మాత్రం ఈ పని ఎప్పుడూ చేయవద్దు. పాత స్టూడియో ప్లేట్లకు ఎక్కువగా సమస్య అటువైపు ఉంటుంది కూడా. ఎండలో ముద్రించే పాత కాగితాలు నల్లబడుతున్న కొద్దీ ఆ నలుపే కింది పొరకు గొడుగు పట్టేది, కాబట్టి అప్పటివాళ్లు కావాలనే చాలా దట్టమైన నెగటివ్‌లు చేసేవారు. వాటికి పైన చెప్పిన సాఫ్ట్ బర్నింగ్, ఫ్లాషింగ్ దారులే నడుస్తాయి, ప్లేటుకు ఏ హానీ ఉండదు.

నలుపు రాకపోవడానికి నెగటివ్ కాకుండా వేరే కారణాలు కూడా చూసుకోండి, ఎందుకంటే మీరు రెండు ఫ్రేములకూ మసక గురించే రాశారు. ఎన్‌లార్జర్ లెన్స్ విప్పి, వెనక నుంచి టార్చి వేసి చూడండి. విశాఖ, కాకినాడ వైపు గాలి తేమకు లెన్స్ లోపల బూజు సాలెగూడులా పట్టేస్తుంది, దాంతో వెలుగు చెదిరి నలుపుల్లోకి కాకుండా తెలుపుల్లోకి పొగలా పాకుతుంది. నెగటివ్ క్యారియర్‌లో ఫ్రేము పక్కన పెర్ఫొరేషన్ల (ఫిల్ము అంచు రంధ్రాల) నుంచి వెలుగు వస్తోంటే నల్ల కాగితంతో మూయండి.

సేఫ్‌లైట్ (డార్క్‌రూంలో వెలిగించుకునే ఎర్ర దీపం) ఇంకా పెద్ద దొంగ. దుకాణంలో దొరికే ఎర్ర జీరో బల్బు కంటికి ఎర్రగానే ఉంటుంది గానీ, పైన పూసిన రంగులోంచి నీలం, పచ్చ ఎంతో కొంత కారుతూనే ఉంటాయి. కాగితం మీద నాణెం పెట్టి పరీక్షించే పద్ధతి అందరికీ తెలుసు, కానీ ఉత్త కాగితం మీద చేస్తే తప్పుడు ధైర్యం వస్తుంది, గడప దాటనిది కనపడదు కదా. ముందు కాగితానికి లేత బూడిద వచ్చేంత ఫ్లాష్ ఇచ్చి, దాని మీద నాణెం పెట్టి, సేఫ్‌లైట్ కింద 5 నిమిషాలు ఉంచి డెవలప్ చేయండి. నాణెం ముద్ర కనపడితే ఆ లైటు పనికిరాదు, లేదా మరీ దగ్గరగా ఉంది. కాగితానికీ లైటుకూ మధ్య కనీసం 4 అడుగులు ఉండాలి.

డెవలపర్ సంగతి. ఆర్‌సి కాగితానికి (ప్లాస్టిక్ పూత ఉన్నది) 20 డిగ్రీల దగ్గర 1 నిమిషం, ఫైబర్‌కు (ఆ పూత లేనిది) 2 నిమిషాలు. మే నెలలో విజయవాడ కుళాయి నీళ్లతో కలిపిన డెవలపర్ 33, 34 డిగ్రీలు ఉంటుంది, బొమ్మ దూసుకొచ్చి నల్లబడుతుంటే కంగారుపడి 25 సెకన్లకే లాగేస్తారు. అక్కడ నలుపు ఎప్పటికీ పూర్తికాదు, మచ్చలు కూడా పడతాయి. పెద్ద పళ్లెంలో నీళ్లు పోసి, అందులో డెవలపర్ ట్రే పెట్టి, గడ్డకట్టిన నీళ్ల సీసా ఒకటి పక్కన వేయండి. కొంచెం అటూ ఇటూ అయినా సరే అనుకుంటే, బొమ్మ తొలిగా కనపడే క్షణం లెక్కపెట్టి దానికి 6 రెట్లు ఉంచండి. 8 సెకన్లకు కనపడితే 48 సెకన్లు. వేడి మారినా ఈ లెక్క దానంతట అదే సర్దుకుంటుంది. ప్రింటు ఎక్కువ నల్లబడుతోందంటే ఎక్స్‌పోజరు తగ్గించాలి, ట్రేలోంచి ముందే తీయడం పరిష్కారం కాదు. పాత పెట్టెల్లో ఊటీ ఇందు బ్రోమైడ్ కాగితం లాంటివి దొరికితే తెల్లదనం పోయి ఉంటుంది. లీటరు డెవలపర్‌కు 1 శాతం బెంజోట్రయజోల్ ద్రావణం 10 నుంచి 20 మి.లీ. వేస్తే కొంత తేరుకుంటుంది, ఎక్స్‌పోజరు పెరుగుతుంది. కష్టమైన నెగటివ్‌కు మాత్రం అలాంటి కాగితం వాడకండి.

తీర్పు తడి ప్రింటు మీద ఇవ్వకండి. ఫైబర్ కాగితం ఆరాక హైలైట్లు ఇంకాస్త దిగుతాయి, సుమారు 8 నుంచి 10 శాతం ఎక్స్‌పోజరు పెంచినంత. ట్రేలో ప్రాంగణం సరిగ్గా ఉందనిపిస్తే, ఆరాక బరువుగా కనపడుతుంది. ఒక ముక్కను హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, 40 వాట్ల బల్బుకు నాలుగైదు అడుగుల దూరంలో పట్టుకుని చూడండి. హైపో ట్రే మీద 100 వాట్ల బల్బు వేలాడదీసి చూస్తే ప్రతి ప్రింటూ లేతగా అనిపించి, అన్నీ నల్లగా తీస్తారు.

మళ్లీ అలాంటి చోట ఫోటో తీసేటప్పుడు, నీడకు మీటర్ చెప్పినదానికి ఒక స్టాపు ఎక్కువ ఇచ్చి, డెవలప్‌మెంట్ సమయం 20 శాతం తగ్గించండి. నీడకూ ఎండకూ మధ్య తేడా తగ్గుతుంది. అయితే రోలు మొత్తానికీ అదే డెవలప్‌మెంట్ కాబట్టి, మబ్బు వెలుగు ఫ్రేములు వేరే రోలులో ఉండాలి.

కుదిరిన ప్రింటు వెనక పెన్సిల్‌తో ఇలా రాసుకోండి: తల ఎత్తు, ఎఫ్ నంబరు, కాగితం పేరు, ఫ్లాష్ 4 సె. ఎఫ్ 16, 3వ ఫిల్టరు 16 సె., ప్రాంగణం 00 తో 15 సె., కుడి స్తంభం 3 సె. డాడ్జ్, కంటి దగ్గర ఫెర్రీసైనైడ్ రెండుసార్లు. పక్కన బొమ్మ ఆకారం గీసి ఏ భాగానికి ఎంతో అంకె వేయండి. ప్రాంగణం ఆకారానికి కోసిన అట్టను కూడా ఆ నెగటివ్ కవరుతో పాటే పెట్టండి.